పూలబండ నీరు

1982 జనవరి 18, సోమవారం

గురునాథరావు వచ్చి వెళ్ళాడు. మార్చి పదమూడున జరిగే సదస్సులో నా వ్యాసానికి చోటు దొరికింది. పదిహేను నిమిషాలు. ఉద్యోగ విరమణ చేసి పదమూడేళ్ళయిన మనిషికి పదిహేను నిమిషాలు ఇచ్చినందుకు కృతజ్ఞత చూపాలని అతని ఉద్దేశం కాబోలు, కాఫీ తాగుతున్నంతసేపూ నా ముఖం వంక చూశాడు.

"మేడమ్, మెట్లెక్కాలి, మైకు ముందు నిలబడాలి. మీకెందుకండీ ఆ శ్రమ? మీరు ముందు వరుసలో కూర్చోండి. నేను చదివేస్తాను."

"నాకు మోకాళ్ళు నొప్పి గాని నోరు నొప్పి లేదు" అన్నాను.

నవ్వాడు. అతనికి కప్పను కోయడం నేర్పింది నేను. మొదటి రోజు కప్పకన్నా ముందు తనే స్పృహ తప్పాడు. ఇప్పుడు నేను పనిచేసిన విభాగంలోనే రీడరు, ఏప్రిల్లో ప్రొఫెసరు పదవికి ఇంటర్వ్యూ ఉన్నదట.

"విశాఖపట్నంలో పగడాలేమిటమ్మా, పగడాలు రామేశ్వరం దగ్గర కదా" అని నా ఎదుటనే నవ్విన పెద్దమనుషులందరూ ఆ రోజు నా ఎదుటనే కూర్చుంటారు. పగడపు దిబ్బలు ఇక్కడ లేవని నాకూ తెలుసు. యారాడ కొండ కింద, నీటిలో మునిగిన ఒకే ఒక్క బండ మీద గుప్పెడు పగడపు జీవులు బతుకుతున్నాయి. యారాడవాళ్ళు దాన్ని పూలబండ అంటారు. గుప్పెడైతే మాత్రం ఏం? అవి చేసే పనిని చూపడానికి గుప్పెడు చాలు.

జనవరి 19, మంగళవారం

అరవై రెండవ మంగళవారం. తుఫాను రోజులు, అమావాస్య పోటు రోజులు మినహాయిస్తే పదహారు నెలలుగా ఒక్క వారం తప్పలేదు.

యారాడలో చేపలు పట్టే వరహాలు తన తెప్ప మీద వెళ్ళి రెండు సీసాలు నింపుతాడు. మొదటిది ఇసుక నేల మీద. రెండవది అక్కడికి ఫర్లాంగు అవతల, పూలబండ మీద. బిరడా మోచేతి లోతున తీయాలి, నిండగానే అక్కడే బిగించాలి. ఈ పనిని ఒడ్డున బకెట్టులో పదిసార్లు చేసి చూపించాను. అతని భార్య చిలకమ్మ ఆ సీసాలను తడి గోనెలో చుట్టి, చేపల తట్టలో పెట్టుకుని, రేవు కాలువను పడవలో దాటి, పూర్ణా మార్కెట్టుకు పోతూ దారిలో నా గుమ్మంలో దించుతుంది.

నేను సముద్రం మీదికి వెళ్ళను. డాక్టరు వద్దన్నాడని కాదు, అవసరం లేక.

ఆ నీటిలో సగం మరిగించి పర్మాంగనేటు కలుపుతాను. నీటిలో కరిగిన జీవపదార్థం ఎంత ఉంటే ఊదారంగు అంత విరుగుతుంది. తక్కిన సగం నుంచి ఒక చుక్క తీసి పెట్రీ పళ్ళెంలో పరిచి, బల్బు వేడి ఉన్న చెక్కపెట్టెలో దాస్తాను. కంటికి కనబడని జీవి ఒక్కొక్కటీ మూడవ నాటికి ఒక్కొక్క మచ్చ అవుతుంది. లెక్కపెట్టడమే. ఆ పళ్ళేలలో పెరిగే జీవులకు మేతగా చేపలు ఉడికించిన నీరు కావాలి. "శాకాహారుల వాటాలో ఈ కంపేమిటండీ" అని ఇంటివారావిడ ఈ రోజు మళ్ళీ అడిగింది. పీల్చినంత మాత్రాన తిన్నట్టు కాదు లెమ్మన్నాను.

పగడం తన ఒంటి చుట్టూ జిగురును విడుస్తుంది. అది నీటిలో కరుగుతుంది. కరిగినదాన్ని తిని సూక్ష్మజీవులు పెరుగుతాయి. వాటిని తిని వాటికన్నా పెద్దవి పెరుగుతాయి. ఏమీ లేనట్టు కనబడే ఆ తేట నీరు ఒక వంటిల్లు. అరవై ఒక్క మంగళవారాలూ పూలబండ నీరు నాకు అదే చెప్పింది.

జనవరి 22

మచ్చలు: పూలబండ 212. ఇసుక 48. ఎప్పటిలాగే.

జనవరి 26, మంగళవారం

చిలకమ్మ సీసాలు దించి, వెళ్ళకుండా గుమ్మంలోనే నిలబడింది.

"ఏం కావాలి, చిలకమ్మా?"

"ఏటీ నేదమ్మగోరూ. పాత నువ్వులనూని ఉంటే గిద్దెడు ఎయ్యండి. మా ఇంట్లో నూనంతా మీ సీసాలే తాగేత్తన్నాయి."

"నా సీసాలు నూనె తాగడమేమిటి?"

"మరి నూని ఎయ్యకపోతే అడుగు అగుపడతాదేటి? పైన కెరటం ఆడతంటే పూలబండ ఎక్కడుందో ఎవులికెరిక? మా మావ నూని పీలిక పిండుతాడు. పిండితే సాలు, నీరు అద్దం అయిపోతాది. అప్పుడు సూసి సీసా ముంచుతాడు."

"ఇసుక దగ్గర కూడా పిండుతాడా?"

"ఇసక కాడెందుకమ్మా? ఇసక ఎక్కడైనా ఇసకే గదా." నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "పంతులమ్మగోరికి తెల్దేటి ఆమాత్రం?"

నూనె ఇచ్చాను.

నూనె నీటిలో కరగదు. పైన తేలుతుంది. వరహాలు బిరడా తీసేది మోచేతి లోతున. అందువల్ల ఇందులో ఆలోచించవలసినది ఏమీ లేదు.

జనవరి 29

పూలబండ 231. ఇసుక 50. ఆలోచించవలసినది ఏమీ లేదు.

జనవరి 30

బీరువా సర్దాను. పాత సూక్ష్మదర్శిని పలకలన్నిటికీ కొత్త చీటీలు అంటించాను. అడుగు అరలో ఆనర్సు క్లాసు ఫోటో దొరికింది: పందొమ్మిది మంది మగపిల్లలు, నేను. ఆ రోజుల్లో సముద్రయాత్రకు మగపిల్లలను మాత్రమే పడవ ఎక్కించేవారు. తిరిగి వచ్చి, వాళ్ళు తెచ్చిన నీటి సీసాను నా బల్ల మీద పెట్టి, "ఇదే సముద్రం అనుకోమ్మా" అనేవారు మా ఆచార్యులు. అనుకున్నాను. ఆ నీటితోనే ఇరవై మందిలోనూ మొదటి దాన్నయ్యాను.

నూనె గురించి ఈ రోజు ఆలోచించలేదు.

ఫిబ్రవరి 2, మంగళవారం

సీసాలు వచ్చాయి. చిలకమ్మను ఏమీ అడగలేదు. వెళ్తూ వెళ్తూ "ఒంట్లో బాగోలేదేటమ్మా?" అన్నది. బాగానే ఉన్నదన్నాను.

ఫిబ్రవరి 3

ప్రయోగం మొదలుపెట్టాను. ఇత్తడి గంగాళాన్ని వేడినీటితో మూడుసార్లు తొలిచి, అందులో సముద్రపు నీరు పోశాను. పైన నువ్వులనూనె చుక్కలు వేశాను. చేతులు సబ్బుతో కడుక్కుని, సీసాను అడుగుకు దించి, అక్కడే బిరడా తీసి, అక్కడే బిగించాను. నూనె వేయకముందు తీసిన నీరు ఒక సీసాలో, వేశాక తీసిన నీరు ఒక సీసాలో.

ఫిబ్రవరి 6

నూనె వేయకముందు 47. వేశాక 49. పర్మాంగనేటులోనూ తేడా లేదు. తేలిపోయింది! పదకొండు రోజులుగా ఒక గిద్దెడు నూనె కోసం నిద్ర పాడుచేసుకున్నందుకు నాపై నాకే కోపం వచ్చింది. ఇంటివారావిడను పిలిచి కాఫీ ఇచ్చాను. ఈసారి ఆవిడ కంపు ఊసెత్తలేదు.

సరిగ్గా చేసిన ప్రయోగం. కొత్త నూనె, తొలిచిన గంగాళం, కడిగిన చేయి.

కొత్త నూనె. కడిగిన చేయి.

ఫిబ్రవరి 7

మంగళవారం యారాడ వెళ్తాను. అనుమానం ఉండి కాదు. వ్యాసంలో "స్వయంగా పరిశీలించాను" అనే వాక్యం ఒకటి ఉంటే బాగుంటుంది.

ఫిబ్రవరి 9, మంగళవారం

వేళ్ళు ఇంకా ఉప్పుగా ఉన్నాయి. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

పొద్దున్నే పడవలో కాలువ దాటి, చిలకమ్మ చేయి పట్టుకోకుండా కొండదారి ఎక్కాను. దిగేటప్పుడు పట్టుకున్నాను. ఒడ్డున వరహాలు తెప్ప దుంగలకు తాళ్ళు బిగిస్తున్నాడు.

"ఓలమ్మ! అమ్మగోరొచ్చేసినారేటి!"

"తెప్ప ఎక్కుతాను, వరహాలూ."

"ఎవులు, మీరే? తెప్పంటే కుర్సీ కాదమ్మగోరూ. నాలుగు దుంగలు. కింద నీరు, పైన నీరు. తడిసిపోతారు."

"ఉప్పునీటితో నాకు నలభై ఏళ్ళ పరిచయం."

"పడిపోతే?"

"నువ్వు తీస్తావు."

"నాను తియ్యలేకపోతే?"

"అప్పుడు వచ్చే మంగళవారం నీకు పని ఉండదు."

వల బాగుచేస్తున్నవాళ్ళందరూ నవ్వారు. చిలకమ్మ ముందుకు వచ్చింది. "ఎక్కించీ మావా. నీకంటే గట్టి మడిసి. నిన్నేమో మొన్న తుపానుకి నానే లాక్కొచ్చినాను ఒడ్డుకి."

"అబద్దం!" అన్నాడు వరహాలు, కాని ఎక్కించాడు. మడిచిన వల మీద కూర్చోబెట్టి, నా నడుముకు తాడు కట్టబోయాడు. వద్దన్నాను. మొదటి కెరటం లేచింది. తాడు కట్టించుకున్నాను.

ముందు ఇసుక నేల. అక్కడ అతను అడుగు చూడనే లేదు. సీసా ముంచాడు, బిరడా తీశాడు, బిగించాడు. నేను నేర్పినట్టే.

తర్వాత చాలాసేపు తెడ్డు వేశాడు. యారాడ కొండను, దీపస్తంభాన్ని మార్చి మార్చి చూసుకుని ఒకచోట ఆపాడు. దుంగల సందులో నుంచి కొబ్బరిచిప్ప తీశాడు. అందులో నల్లటి గుడ్డపీలిక. ఎన్నేళ్ళదో. పొలుసులు, చేపల జిగురు, పాతనూనె కలిసి అది గుడ్డలా లేదు. కుడిచేతితో దాన్ని నీటి మీద పిండాడు.

సముద్రం ఆగిపోయింది. నాలుగు చాపలు పరచినంత మేర, చుట్టూ కెరటాలు ఆడుతూనే ఉండగా, ఆ మధ్య నీరు మాత్రం కిటికీ అద్దమైంది. వంగి చూశాను.

నల్లని బండ. దాని భుజం మీద లేత గోధుమరంగు గుండ్రని ముద్దలు, ఒక్కొక్కటీ బత్తాయికాయంత, కొన్ని అరచేయంత. వాటి ఒంటి నిండా చిన్న చిన్న నక్షత్రాల గుంటలు. ఒక అంచున ఆకుపచ్చ మెరుపు. చారల చేపపిల్ల ఒకటి వచ్చి ఒక ముద్దను ముట్టీ ముట్టనట్టు ముట్టి వెనక్కు పోయింది. పదహారు నెలలుగా నేను లెక్క రాస్తున్నవాటిని ఈ రోజు మొదటిసారి చూశాను. వాటి లాటిన్ పేరు నాకు తెలుసు. ఆ క్షణంలో గుర్తు రాలేదు.

"బాగున్నాయా అమ్మా?" అన్నాడు వరహాలు, తన ఇంటి పెరడు చూపిస్తున్నట్టు.

అంటూనే, పీలిక పిండిన చేతితోనే సీసా అందుకున్నాడు. మోచేతి లోతుకు దించాడు. అణువంత తప్పు లేకుండా, నేను నేర్పినట్టే, బిరడా తీశాడు. అతని బొటనవేలు సీసా నోట్లో ఉన్నది.

"చేయి కడుక్కోవా, వరహాలూ?"

అతను నా వంక జాలిగా చూశాడు. "సెయ్యి నీట్లోనే ఉంది గదమ్మా. ఇంకెక్కడ కడగను?"

తిరిగి వచ్చేటప్పుడు ఆ పీలికను ఇమ్మని అడిగాను. "కంపమ్మా, ఇదెందుకు మీకు" అంటూనే ఒక ఆకులో చుట్టి ఇచ్చాడు.

ఫిబ్రవరి 12

అదే గంగాళం. అదే నేను. నీరు ఇసుక నేల మీది నీరే. మంగళవారం రాత్రే ఆ పీలికను పిండిన చేతితో, కడుక్కోకుండా, అడుగున బిరడా తీశాను.

219.

పర్మాంగనేటు విరుపు కూడా పూలబండ నీటికి సరిగ్గా సమానం.

ఫిబ్రవరి 13

ఏమీ రాయను.

ఫిబ్రవరి 14

తప్పు వరహాలుది అనుకుందామని నిన్నంతా ప్రయత్నించాను. కుదరలేదు. సీసా ఎలా ముంచాలో నేర్పాను. బండను ఎలా వెతుకుతావని అడగలేదు. అరవై నాలుగు మంగళవారాలలో ఒక్కసారి కూడా అడగలేదు. ఎవరో తెచ్చి బల్ల మీద పెట్టిన సీసాను చూసి ఇదే సముద్రమని అనుకున్నాను.

ఆచార్యులవారు నన్ను పడవ ఎక్కనివ్వలేదు, నిజమే. ఈ పదహారు నెలలూ నన్ను ఎక్కనివ్వనిది ఎవరు?

ఫిబ్రవరి 15

పూర్ణా మార్కెట్టు వెనక వడ్రంగం చేసే వీరన్న దగ్గరికి వెళ్ళాను. అడుగున గాజు పలక బిగించిన చెక్కపెట్టె కావాలన్నాను. నీటి మీద ఆనించి లోపలికి చూస్తే కెరటం అడ్డు రాదు, నూనె అక్కర లేదు.

"ఏటమ్మా, సముద్రంలో సినిమా సూత్తారేటి?"

"అవును. రేపే మొదటి ఆట."

"రేపంటే ఎలాగమ్మా, లప్పం ఆరాలి."

"నువ్వు మాటలు ఆపితే ఆరుతుంది."

సాయంత్రానికి ఇచ్చాడు. కారలేదు.

మార్చి 5

మూడు మంగళవారాలు నేనే వెళ్ళాను. నూనె లేదు. పీలిక లేదు. బిరడా నా చేతితోనే తీశాను. మొదటి మంగళవారం ఇంటికి వచ్చాక మోకాలు తమలపాకులతో కట్టుకోవలసి వచ్చింది. మూడవ మంగళవారం వరహాలు నాకు తాడు కట్టడం మరచిపోయాడు, నేనూ అడగలేదు.

పూలబండ 52, ఇసుక 49.
పూలబండ 46, ఇసుక 50.
పూలబండ 55, ఇసుక 51.

తేడా లేదు. పూలబండ వంటిల్లు కాదని దీనితో తేలలేదు. వంటిల్లని నేను చూపలేకపోయానని తేలింది. ఈ రెండూ ఒకటి కావు. ఆ బండ మీద ఉన్నది గుప్పెడు పగడం. దాని చుట్టూ ఉన్నది బంగాళాఖాతం. గుప్పెడు చాలునని పొగరుగా రాసుకున్నది నేనే. అంత సన్నని తేడాను పట్టగల సాధనం నా వంటింట్లో లేదు.

మార్చి 6

గురునాథరావు సదస్సు పుస్తకం తెచ్చి ఇచ్చాడు. అన్ని వ్యాసాల సారాంశాలూ అచ్చయ్యాయి. పదకొండవ పేజీ తెరిచాను. మొదటి పేరు ఎం. గురునాథరావు. రెండవ పేరు నాది, వి. శేషమాంబ.

"ఇదేమిటి?"

"డిపార్టుమెంటు పేరు లేకపోతే కమిటీవాళ్ళు తీసుకోరు మేడమ్. జస్ట్ ఫార్మాలిటీ."

"డిపార్టుమెంటు రెండవ చోట కూర్చోలేదా?"

కాఫీ ఇచ్చాను. ఆ తర్వాత కొబ్బరిచిప్ప, పీలిక, బొటనవేలు, గంగాళం, మూడు మంగళవారాలు, అన్నీ వరసగా చెప్పాను. అతను గ్లాసు కింద పెట్టేశాడు.

"ఇది ఎవరికి తెలుసు మేడమ్?"

"నాకు తెలుసు."

"ఇంకెవరికి?"

"వరహాలుకు, చిలకమ్మకు. వీరన్నకు సగం."

"వాళ్ళెవరూ సదస్సుకు రారు కదండీ!" అని, తను అన్న మాట తనకే వినబడి, తల దించుకున్నాడు. "పోనీ, చదవద్దు. ఒంట్లో బాగోలేదని ఒక టెలిగ్రామ్ ఇవ్వండి. ఎవరూ ఏమీ అనుకోరు. పుస్తకంలో మాత్రం ఉంటుంది. అంతే కావాలి నాకు."

"పుస్తకంలో ఉన్నది అబద్ధం, గురునాథరావూ."

"ఎవరు చదువుతారు మేడమ్ పదకొండో పేజీ?"

"ఎవరూ చదవని పేజీ అయితే అందులో మొదటి పేరు నీకెందుకు?"

లేచి నిలబడ్డాడు. అతని ఇంగ్లీషంతా ఎటో పోయింది. టెక్కలి పక్క పల్లె నుంచి పెట్టె నెత్తిన పెట్టుకుని వచ్చిన నాటి మాట బయటికి వచ్చింది. "అమ్మా, నా బతుకు నాసనం సేసేత్తారేటి? వచ్చే నెల ఇంటర్వీ. నా కాడ కొత్తది ఇదొక్కటే. నన్ను పైకి తెచ్చింది మీరే గదా!"

"తెచ్చాను. పైకి రావడానికి నా వ్యాసం మీద కాలు పెట్టావని ఈ రోజే తెలిసింది."

వెళ్ళిపోయాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కు వచ్చి, గొడుగు తీసుకుని, నా వంక చూడకుండా మళ్ళీ వెళ్ళాడు.

మార్చి 8

మోకాలు నొప్పిగా ఉన్న మాట నిజమే కాబట్టి ఒంట్లో బాగోలేదని టెలిగ్రామ్ ఇవ్వడం అబద్ధం కాదు.

పై వాక్యం రాసి పది నిమిషాలు దాని వంక చూశాను. కొట్టివేయడం లేదు. నా చేతివ్రాతలోనే ఉండనిస్తాను.

మార్చి 10

నా ఆరోగ్యం బాగున్నది.

మార్చి 13

మెట్లెక్కాను. ఆరు మెట్లు. చేయి అందించబోయిన కార్యదర్శికి నా చేతిసంచి అందించాను.

"పదకొండవ పేజీలో అచ్చయిన అంకెలు తప్పు. ఆ తప్పు ఎలా జరిగిందో నాకిచ్చిన పదిహేను నిమిషాలలో చెబుతాను" అన్నాను.

అధ్యక్షులవారు మైకు తన వైపు తిప్పుకున్నారు. "అమ్మా, అలా అయితే పేపరును ఉపసంహరించుకోవచ్చు. సమయం కూడా కలిసి వస్తుంది."

"నేను చెప్పడానికి వచ్చాను. ఉపసంహరించుకోవడానికైతే ఆరు మెట్లు ఎక్కనక్కర లేదు."

చెప్పాను. పీలిక మాట వచ్చినప్పుడు వెనుక వరుసలు నవ్వాయి. నవ్వు ఆగేదాకా ఆగి, ఆ పీలిక పిండిన చేతితో ఇసుక నీటి నుంచి వచ్చిన అంకెను చదివాను. నవ్వు మళ్ళీ రాలేదు. గురునాథరావు నాలుగవ వరుసలో, ఒళ్ళో పుస్తకం తెరిచి పెట్టుకుని, తల ఎత్తకుండా కూర్చున్నాడు.

"ఈ తప్పును పట్టినది యారాడకు చెందిన చిలకమ్మ. ఆమె నా గుమ్మంలో నిలబడి నూనె అడగకపోతే, నేను మరో పదహారు నెలలు ఇలాగే లెక్కపెట్టి, మరో వ్యాసం రాసేదాన్ని" అని ముగించాను.

అధ్యక్షులవారు అద్దాలు తీసి తుడుచుకున్నారు. "మరి అమ్మా, ఇంత శ్రమ పడ్డారు. చివరికి మిగిలిందేమిటి?"

ఆయన గొంతులో ఎగతాళి లేదు. దయ ఉన్నది. అది నాకు మరీ నచ్చలేదు.

"ఒక ప్రశ్న మిగిలింది. ఈ హాలులో ఉన్నవారందరూ సముద్రపు నీటి మీదనే పని చేస్తున్నారు. మీ సీసా ముంచే మనిషి చేతిని ఎప్పుడైనా చూసినవారు ఒకసారి చేతులెత్తండి."

ఇద్దరు ఎత్తారు. అందులో ఒకరు కాసేపు ఆలోచించుకుని దించేశారు.

ఇంకా నాలుగు నిమిషాలు మిగిలి ఉన్నాయని చెప్పి, ఆ నాలుగు నిమిషాలూ అక్కడే నిలబడ్డాను. ఆ తర్వాతనే దిగాను.

మార్చి 16, మంగళవారం

నీరు తెచ్చిన తర్వాత ఒడ్డున కూర్చుని చిలకమ్మకు చెప్పాను.

"నా పేరు మైకులో సదివేసినారా! అంతమంది మగోళ్ళ ముందరా!" బుగ్గన చేయి పెట్టుకుంది. "ఇన్నావా మావా? నీ పేరు సదివినారేటి? నాదే సదివినారు."

"నా పీలిక గురించి సెప్పినారంట గదా" అన్నాడు వరహాలు, దెబ్బతిన్న గొంతుతో. "ముప్పై ఏళ్ళ పీలిక. ఇంకా ఇవ్వనేదు మీరు."

"ఇస్తాను. నా సీసాలు తెప్ప మీద ఉన్నంతసేపు దాన్ని ఒడ్డున పెట్టాలి."

"మరి నూని ఇత్తారా ఇయ్యరా అమ్మా?" అన్నది చిలకమ్మ.

"పెట్టె ఉన్నది కదా. ఇక నూనె ఎందుకు?"

"మీకు అక్కర్లేదు. మాకు కూరలోకి."

మార్చి 18

సదస్సు కార్యదర్శి నుంచి ఉత్తరం. "ఫలితమేమీ లేనందువల్ల" నా ప్రసంగాన్ని రాబోయే సంపుటంలో అచ్చు వేయడం లేదట. మంచిది. పదకొండవ పేజీ సంగతి మాత్రం ఆ ఉత్తరంలో లేదు. అంటే నిజం అచ్చు కాదు. అచ్చయిన అబద్ధం అల్మారాలలో ఉంటుంది. పదేళ్ళ తర్వాత ఎవరో ఒక అమ్మాయి దాన్ని తీసి, 212, 48 అని తన నోటుపుస్తకంలో ఎక్కించుకుంటుంది.

వీలుకాదు.

మార్చి 20, శనివారం

రెండు రోజులు కూర్చుని, కార్బను కాగితాలు పెట్టి చీటీలు రాశాను.

"11వ పేజీ. గురునాథరావు, శేషమాంబ పేర్లతో అచ్చయిన అంకెలు చెల్లవు. పూలబండ నీటిని తీసిన చేతికి నూనె ఉన్నది. ఇసుక నీటిని తీసిన చేతికి లేదు. చేయి శుభ్రంగా ఉన్నప్పుడు రెండు నీళ్ళూ ఒకటే."

ప్రతినిధులకు పంచిన ప్రతుల కోసం ఎనభై చీటీలు పోస్టు చేశాను. మిగిలిన ప్రతులు విభాగం స్టోరుగదిలో ఉన్నాయని తెలిసి, జిగురు సీసా, కుంచె పట్టుకుని నేనే వెళ్ళాను. ప్యూను గవర్రాజుకు నేను ఉద్యోగం చేసిన రోజుల నుంచీ తెలుసు. తాళం తీశాడు.

"ఎవులి పర్మిసనమ్మా ఇది?"

"పుస్తకంలో నా పేరు ఉన్నది. ఆ పేజీ వరకు పర్మిషను నాదే."

"అయితే కుర్సీ ఎయ్యమంటారా?"

వేశాడు. అరవై ప్రతులు అంటించేసరికి గుమ్మంలో నీడ పడింది. గురునాథరావు. లోపలికి వచ్చి, బల్ల మీద నుంచి ఒక చీటీ తీసుకుని, నిలబడే చదివాడు. రెండుసార్లు చదివాడు.

"నా పేరు ముందెందుకు రాశారు మేడమ్?"

"అచ్చులో ఉన్న వరుస అదే. దాన్ని మార్చే అధికారం నాకెక్కడిది?"

చీటీని రెండు చేతులతో పట్టుకున్నాడు. చింపుతాడేమో అనుకున్నాను. చింపితే ఇంకొకటి ఇద్దామని పక్కన పెట్టుకున్నాను కూడా. చింపలేదు. మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మొత్తం నూట ఎనిమిది ప్రతులు పూర్తయ్యాయి. ఇంకా పన్నెండు గురునాథరావు గదిలో, అతని బీరువాలో ఉన్నాయని గవర్రాజు లెక్క చెప్పాడు. వరండాలో అతన్ని అడిగాను. తాళంచెవి ఇంటి దగ్గర మరచిపోయానన్నాడు. అతని జేబులో తాళంచెవులు చప్పుడు చేశాయి, ఇద్దరం విన్నాం.

సోమవారం పది గంటలకు వస్తానని చెప్పాను. జిగురు ఎండిపోకుండా సీసాకు తడిగుడ్డ చుట్టి ఇంటికి తెచ్చుకున్నాను.